ఖాలీ అని విన్న పిస్టల్

1997 నవంబరు 13, గురువారం, పొద్దున పదీ పది. బహ్రెయిన్‌లో అవాలి వైపు పోయే దారిలో ఒక ప్రైవేటు షూటింగ్ క్లబ్బు ఉండేది. అందులో నేను అప్పటికి అసిస్టెంటు ఆర్మరర్‌ని. ఆర్మరర్ అంటే తుపాకులను శుభ్రం చేసి, మరమ్మతు చేసి, సభ్యులకు ఇచ్చి మళ్ళీ పుచ్చుకునేవాడు. ఆ నిమిషంలో నేను తూటాలు నిండిన ఒక పిస్టల్‌ను ఖాళీ అనుకుని, గురి కాల్చడం కొత్తగా నేర్చుకుంటున్న ఒక ఆవిడ చేతికిచ్చాను. చెక్కగోడ మీద చుక్క చూపించి, దానికి గురిపెట్టమన్నాను. గోడ అవతల ఒక మనిషి ఉన్నాడు.

తప్పు నాది. చివరిదాకా దాచిపెట్టి చెప్పడం నాకు రాదు కాబట్టి ముందే రాసేస్తున్నాను. మొదటిసారి పిస్టల్ షూటింగ్‌కి దిగేవాళ్ళు ఏ పిస్టల్ ఎంచుకోవాలని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నేను చెప్పే జవాబు ఆ రోజు పుట్టిందే. అందుకని ఆ రోజు సంగతి రాస్తున్నాను.

మాది రాజాం దగ్గర పల్లె. బడి ముఖం చూడలేదు. బహ్రెయిన్ వచ్చిన కొత్తలో మీనా సల్మాన్ రేవులో గోదాముల దగ్గర సామాను దించేవాణ్ణి. అక్కడి వర్క్‌షాపులో ఇనుము పని కొంత పట్టుబడింది. ఆకురాయి పట్టి ఇనుము అరగదీసే తీరు చూసి ఖాజా మొయినుద్దీన్ భాయ్ నన్ను క్లబ్బుకు తీసుకుపోయాడు. ఆయనది నిజామాబాద్. పోలీసు ఆయుధాగారంలో పనిచేసి వచ్చినవాడు. క్లబ్బులో ఆయనే రేంజి ఆఫీసరు, అంటే గురి కాల్చే చోట ఆయన మాటే చట్టం. క్లబ్బు యజమానికైనా అంతే అని నియమాల కాగితంలో ఉండేది. కాగితంలో.

నాకు అక్షరాలు నలభై ఏళ్ళు దాటాక వచ్చాయి. సనాబిస్‌లో మేం ఉండే గదిలో సింహాద్రి అనే కుర్రాడు ఏడో తరగతి దాకా చదివినవాడు. వాడిదీ మా వైపే. క్లబ్బులో టీ పెట్టి, గదులు తుడిచే పని చేసేవాడు. పరాచికానికి నన్ను మావా అనేవాడు. తూటాల డబ్బాల మీద అంకెలు నేను వాడి దగ్గరే నేర్చుకున్నాను, తరవాత తెలుగు. అప్పటిదాకా పిస్టళ్ళను బరువును బట్టి, పిడి నునుపును బట్టి గుర్తుపట్టేవాణ్ణి. ఆ విద్య నాకు కొంచెం గర్వంగా ఉండేది. ఆ రోజు అది కూడా అక్కరకు రాలేదు.

ఇక విషయం. క్లబ్బు యజమాని అబూ ఖలీల్‌ను మేం అర్బాబ్ అనేవాళ్ళం. మా కఫీల్ కూడా ఆయనే, అంటే మా వీసా ఆయన పేరు మీద ఉండేది. ఆయన అన్నగారి కూతురు మరియం పళ్ళ డాక్టరు. మన దేశంలోనే చదువుకుంది, హిందీ బాగా వచ్చు. ముప్ఫై దాటి ఉంటాయి. గురి కాల్చడం నేర్చుకుంటానని ఆ మధ్యనే చేరింది. ఆమె కోసం కొనబోయే పిస్టల్ ఏదో ఆ గురువారం తేలిపోవాలి. పిస్టల్ రకం రాసి, దరఖాస్తు శనివారం లైసెన్సులిచ్చే సర్కారు ఆఫీసుకు పంపాలి. అక్కడ ఒకసారి పద్దులో పడిందంటే మార్చడం చాలా కష్టం. ఏది రాస్తే ఏళ్ళ తరబడి ఆమె చేతిలో అదే.

అర్బాబ్ మనసులో ఒకటే ఉంది. తన తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ లాంటిదే ఇంకొకటి. వెండిలా మెరిసేది, పదిహేను తూటాలు పట్టేది. నా అభిప్రాయం వేరు. కొత్తగా నేర్చుకునే చేతికి పెద్ద పిస్టల్ ఇస్తే, పేలిన ప్రతిసారీ అది వెనక్కి తన్నుతుంది. పది తూటాలు కాల్చేసరికి, చెయ్యి ఆ తన్ను రాకముందే భయపడి కిందికి వంగడం మొదలుపెడుతుంది. ఆ ఉలికిపాటు ఒకసారి ఒంటికి పట్టిందంటే వదిలించడానికి ఏడాది పడుతుంది. పాయింట్ టూ టూ అనే సన్నరకం తూటా అలా కాదు. శబ్దం తక్కువ, తన్ను తక్కువ. చెయ్యి వంగిందో, వేలు తొందరపడిందో, తప్పు ఎక్కడ జరిగిందో కాగితం మీద కనిపిస్తుంది.

ఈ మాట ముందురోజే ఖాజా భాయ్‌తో అన్నాను. ఆయన నవ్వాడు.

"నాకు చెప్తే ఏం లాభం? రేపు అర్బాబ్ ముంగట చెప్పు. పిస్టల్ చేతికి కుదురుతదా లేదా చూసే డ్యూటీ నీది చేసిన కదా."

నిజమే. ఆ పని నాకు అప్పగించి రెండేళ్ళయింది. పిస్టల్ సంగతి అర్బాబ్ నన్ను అడగబోవడం మాత్రం అదే మొదటిసారి. రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

పిస్టల్ చేతికి కుదిరిందో లేదో చూడడానికి ఒక పద్ధతి ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పలచటి చర్మం ఉంటుంది కదా, పిడి వెనకభాగం అందులో లోతుగా కూర్చోవాలి. గొట్టం ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. చూపుడువేలి మొదటి కణుపులో మెత్తటి భాగం మీట, అంటే ట్రిగ్గరు, మీద పడాలి. తరవాత ఎదురుగా ఖాళీ గోడ మీద ఒక చుక్క పెట్టి, కళ్ళు మూసుకుని పిస్టల్ ఎత్తమని, ఎత్తాక కళ్ళు తెరవమంటాం. గురి చుక్క దగ్గరికి దానంతటదే వచ్చి ఉంటే పిడి కుదిరినట్టు. పక్కకు పోతే చెయ్యి పిస్టల్‌తో పోట్లాడుతోందన్నమాట. అప్పుడు మీట నొక్కమంటాం, ఖాళీ పిస్టల్‌తోనే. గురి కదిలితే మీట బరువెక్కువ.

ఇదంతా చేసేది రేంజి పక్కన చిన్న గదిలో. అందులో ఒక గోడ పలచటి చెక్కది. దానికి తెల్లరంగు వేసి నల్లచుక్క పెట్టింది నేనే. దాని అవతల సింహాద్రి టీ కాచే గది. ఖాళీ పిస్టళ్ళే కదా అని రెండేళ్ళుగా ఆ గోడకే గురిపెట్టిస్తున్నాం. ఈ ఏర్పాటు ఖాజా భాయ్‌కు నచ్చలేదు. సిమెంటు గోడవైపు మార్చమని నాకు రెండుసార్లు చెప్పాడు. ఆ వైపు వెలుతురు తక్కువని నేను మార్చలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. రేంజి మీద కాల్చడం అయ్యాక రేంజి ఆఫీసరు పిస్టల్ తెరిచి చూసి 'క్లియర్' అనాలని నియమం. మేం మాత్రం హిందీలో 'ఖాలీ' అనేవాళ్ళం. ఖాజా భాయ్ చూసి ఖాలీ అంటాడు, నేను తీసుకుపోతాను. ఖాళీ పిస్టల్ ఎప్పుడూ పైభాగం వెనక్కి లాగి, నోరు తెరిచి ఉండాలి, తూటా కూర్చునే గదిలో ఎర్రదారం ముక్క పెట్టి ఉండాలి. ఆ దారం కత్తిరించేదీ నేనే.

ఆ రోజు తొమ్మిదింటికి డాక్టరు వచ్చింది. నేను మొదట ఆమెకు చెప్పింది ఒకటే. "డాక్టర్ సాబ్, పిస్టల్ చేతులు మారినప్పుడల్లా మీరే తెరిచి చూడాలి. ఎవరిచ్చినా సరే. నేనిచ్చినా సరే."

"మీరిచ్చినా చూస్తే మీకు కోపం రాదా, అప్పల్ భాయ్?"

"చూడకపోతే వస్తుంది."

ఆమె మళ్ళీ అడగలేదు. రెండు సన్నరకం పిస్టళ్ళు ఆమె చేతికి చూశాం. ఇచ్చిన ప్రతిసారీ తెరిచి, వేలు పెట్టి తడిమి, తరవాతే పట్టుకుంది. రెండోది బాగా కుదిరింది. ఇంతలో అర్బాబ్ వచ్చి ఒకటో నంబరు వరసలో నిలబడి తన పిస్టల్‌తో కాల్చుకుంటున్నాడు. ఆ రెండింటికీ తూటాలు తేవడానికి ఖాజా భాయ్ ఇనప గదిలోకి పోయాడు. అదే సమయంలో ఆఫీసులో ఫోను మోగింది. అర్బాబ్ పిస్టల్ బల్ల మీద పెట్టి ఫోను దగ్గరికి వెళ్ళాడు. తూటాలు తీసి, తెరిచి పెట్టాలి. పెట్టలేదు. ఫోను అయ్యాక మళ్ళీ కాల్చుదామని అలాగే వదిలేశాడు. ఇంకెవరైనా అలా చేస్తే ఖాజా భాయ్ రేంజి బయట నిలబెట్టేవాడు.

నేను డాక్టరుతో, పోలికకు పెద్దదాన్ని కూడా ఒకసారి పట్టి చూడమన్నాను. చేతికి కుదరదని ఆమె నోటితోనే అర్బాబ్‌కు చెప్పించాలని నా ఎత్తు. బల్ల దగ్గరికి పోయి ఆ పిస్టల్ మీద చెయ్యి వేసి, ఆఫీసు గుమ్మం వైపు చూశాను. అర్బాబ్ ఫోను చెవికి ఆనించుకుని, నా వైపు అరచెయ్యి ఊపి అన్నాడు.

"ఖల్లీ, ఖల్లీ."

వాళ్ళ అరబ్బీలో ఆ మాటకు వదిలెయ్, అలాగే ఉండనీ అని అర్థం. నాకు వినపడింది ఖాలీ. అరచెయ్యి అలా ఊపితే మన వైపు ఏమీ లేదనే కదా అర్థం. మాటా, చెయ్యీ రెండూ కలిశాయి. యజమాని స్వయంగా ఖాళీ అన్నాక నాకు ఇంకేం కావాలి? తీసుకున్నాను.

పిస్టల్ నోరు మూసి ఉంది. ఎర్రదారం లేదు. బరువు కూడా తెలిసింది. పెద్ద ఇనుము, బరువుగానే ఉంటుందిలే అనుకున్నాను. మీట కదలకుండా పట్టే సేఫ్టీ పైకి వేసి ఉంది. ఖాళీ పిస్టల్‌కు సేఫ్టీ ఎవరు వేస్తారన్న ఆలోచన కూడా రాలేదు. డాక్టరు నొక్కితే మీట కదలాలని ఆ సేఫ్టీ కిందికి దించింది కూడా నేనే.

గదిలో ఆమెను చుక్కకెదురుగా నిలబెట్టి పిస్టల్ చేతికిచ్చాను. గోడ అవతల సింహాద్రి గ్లాసులు కడుగుతూ ఏదో గొణుక్కుంటున్నాడు. "కళ్ళు మూసుకుని ఎత్తండి" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకోలేదు. చూపుడువేలు మీటకు దూరంగా, నేను నేర్పినట్టే పక్కకు చాపి ఉంచింది. ఎడమచేత్తో పిస్టల్ పైభాగం పట్టుకుని వెనక్కి లాగింది. కదలలేదు. ఆ రకం పిస్టల్‌లో స్ప్రింగు గట్టిది. ఆమెవి పళ్ళ మధ్య సన్నటి పనిముట్లు తిప్పే చేతులు, చిన్నవి. మళ్ళీ లాగింది. గోరెడు కదిలి మళ్ళీ మూసుకుంది. లాగిన ప్రతిసారీ గొట్టం చివర చుక్క చుట్టూ తిరుగుతోంది. అవతల గ్లాసు మీద గ్లాసు పెట్టిన చప్పుడు.

నాకు విసుగొచ్చింది. అర్బాబ్ ఫోను పెట్టేసి వచ్చేలోపు అయిపోవాలని తొందర. "ఖాలీయే డాక్టర్ సాబ్, అర్బాబ్ చెప్పారు. ఎత్తండి" అన్నాను.

"ఆయన చెప్పారా? మీరు చూశారా?"

"ఆయనే చెప్పారు కదా."

ఆమె నా ముఖంలోకి చూసింది. తరవాత పిస్టల్‌ను బల్ల మీద మెల్లగా పెట్టింది, గొట్టం సిమెంటు గోడవైపు తిప్పి. చేతులు వెనక్కి తీసుకుంది.

"నేను తెరిచి చూడలేనిది నేను పట్టుకోను" అంది. "పొద్దున మీరే చెప్పారు, మీరిచ్చినా సరే అని."

నాకు రోషం వచ్చింది. అది కూడా రాయాలి. మూడు వారాలకింద చేరిన మనిషి నాకు నా పాఠమే అప్పజెబుతోందని రోషం. ఆ రోషంతో పిస్టల్ తీసి, ఖాళీ అని చూపించడానికి ఆ గోడకే పెట్టి మీట నొక్కేవాణ్ణేమో. చెయ్యి ముందుకు చాచాను కూడా. అప్పుడే ఖాజా భాయ్ తూటాల పెట్టెతో లోపలికి వచ్చాడు.

"ఏమాయె?"

"ఖాలీ అంటే డాక్టర్ సాబ్ నమ్మడం లేదు, భాయ్."

"ఎవరన్నరు ఖాలీ అని?"

"అర్బాబ్."

ఆయన పెట్టె కింద పెట్టాడు. "చూసినవా, విన్నవా?"

ఆయన పిస్టల్ తీసుకుని, ముందు కింది నుంచి తూటాలు నింపిన మ్యాగజీను లాగేశాడు. అది బరువుగా బల్ల మీద పడింది. తరవాత పైభాగం వెనక్కి లాగాడు. పసుప్పచ్చటి తూటా ఒకటి ఎగిరి, నేల మీద పడి, దొర్లుకుంటూ పోయి చెక్కగోడ మొదట్లో ఆగింది.

గోడ అవతల సింహాద్రి కేక వేశాడు. "మావా, టీలు ఎన్నేటి? నాలుగా, అయిదా?"

పిస్టల్‌కు దూరంగా జరిగి కూర్చున్నాను. ఆ పూట నేను చేసిన మంచి పని అదొక్కటే.

అర్బాబ్ వచ్చి నేల మీది తూటాను చూశాడు. జరిగింది ఖాజా భాయ్ అరబ్బీలో చెప్పాడు. అర్బాబ్ ముఖం ఎర్రబడింది. తాను ఖల్లీ అన్నానని, ముట్టుకోవద్దని చెప్పానని గట్టిగా అన్నాడు. ఖాజా భాయ్ గొంతు పెంచకుండానే జవాబిచ్చాడు, డాక్టరు పక్కనుంచి నాకు హిందీలో చెప్పింది. మీరు ఖల్లీ అన్నారు, వీడు ఖాలీ అని విన్నాడు. మీరు తెరిచి పెట్టలేదు, వీడు తెరిచి చూడలేదు. రెండూ రిజిస్టరులో రాస్తాను. కఫీల్‌తో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో గల్ఫ్‌లో పనిచేసినవాళ్ళకు తెలుసు.

అర్బాబ్ వంగి ఆ తూటాను తీసి బల్ల మీద పెట్టాడు. "ఖలాస్" అన్నాడు.

ఖలాస్ అంటే అయిపోయింది. వీసా రద్దు చేసి పంపేసేటప్పుడూ అదే మాట, అన్నం చాలన్నప్పుడూ అదే మాట. కానీ ఒక అరబ్బీ మాటను నాకు తోచినట్టు అర్థం చేసుకుని అప్పటికి పావుగంటే అయింది. ఈసారి లేచి నిలబడి అడిగాను.

"అర్బాబ్, ఖలాస్ అంటే నా పని ఖలాసా? మాట ఖలాసా?"

డాక్టరు దాన్ని అరబ్బీలో చెప్పింది. అర్బాబ్ నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "మాట ఖలాస్" అన్నాడు. మెరిసే పిస్టల్ వైపు గడ్డం చూపించి, "ఆమెకు అదీ ఖలాస్" అన్నాడు.

మిగిలిన పని డాక్టరే చేసింది. ఇనప గదిలోని సన్నరకం పిస్టళ్ళు అయిదూ తెప్పించి, ఒక్కొక్కదాన్నీ పదిసార్లు తనంతట తానే తెరిచి, మూసి చూసింది. పిడి బాగా కుదిరిన రెండోదాని పైభాగం ఏడోసారికి వేళ్ళ నుంచి జారింది. దాన్ని పక్కన పెట్టేసింది. పదోసారి కూడా మొదటిసారి అంత తేలిగ్గా తెరుచుకున్నది నాలుగోది. పిడి కొంచెం లావు. దాన్ని చేతికి సరిపడా చెక్కిస్తానని ఖాజా భాయ్ అన్నాడు. దరఖాస్తులో ఆ రకమే రాశారు. తనకు వచ్చిన పిస్టల్‌తో ఆమె ఆరేళ్ళు కాల్చింది. పతకాలేమీ రాలేదు. ఉలికిపాటు కూడా రాలేదు.

నాకు శిక్ష పడింది. నెలరోజులు పిస్టల్ ముట్టకూడదు, గుడ్డలూ నూనె సీసాలూ చూసుకోవాలి. 'ఖాలీ' అనే మాట ఆ రోజు నుంచి రేంజి మీద నిషేధం. నల్లచుక్క సిమెంటు గోడ మీదికి పోయింది. చెక్కగోడ మీది చుక్కను నేనే గీకేశాను.

రిజిస్టరు కూడా నన్నే రాయమన్నాడు ఖాజా భాయ్. నాకు వచ్చింది తెలుగే. ఆయన తెలుగు మాట్లాడతాడు గాని చదువు ఉర్దూలో అయింది. అరపేజీ రాయడానికి నాకు మధ్యాహ్నం జొహర్ నమాజు వేళ దాటింది. సంతకానికి ఇస్తే కలం పట్టుకోలేదు.

"నేను చదవలేనిదాని మీద సంతకం ఎట్ల పెడ్త? నువ్వు చదివి వినిపిస్తే గది మళ్ళ విన్నట్టే గదా. చూసినట్టు గాదు. సింహాద్రిని పిలువు."

సింహాద్రి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి పైకి చదివాడు. నా అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వుతూ మొదలుపెట్టాడు. 'చెక్కగోడకు గురిపెట్టమన్నాను' అన్న చోట నవ్వు ఆగింది. 'గోడ అవతల మనిషి' అన్న చోట చదవడమే ఆగిపోయింది.

"గోడవతల మనిషంటే నానేనా, మావా?"

"నువ్వే."

వాడు మిగిలింది కళ్ళతోనే చదువుకున్నాడు. చివర నేను రాసిన పేర్ల మీద వేలు పెట్టాడు. "ఇక్కడున్నోళ్ళు నలుగురని రాసినావు. నా పేరు నేదేటి?"

గదిలో లేడు కదా అని వాడి పేరు నేను రాయలేదు. ఆ మాటే చెప్పాను. వాడు కాగితం మీంచి వేలు తియ్యలేదు. ఖాజా భాయ్ నా చేతికి కలం ఇచ్చాడు. "రాయి. అందరికంటె ముందు రాయి." రాశాక సింహాద్రి చూసి సరే అన్నాడు. అప్పుడు ఖాజా భాయ్ సంతకం పెట్టాడు.

మొదటి పిస్టల్ ఏది ఎంచుకోవాలని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. తూటా సన్నది, తన్ను తక్కువది, పిడి చేతికి కుదిరేది, ఇవన్నీ నిజమే, కానీ ఇవన్నీ తరవాతి మాటలు. ముందు దాన్ని మీరు మీ చేతులతో, ఎవరి సాయమూ లేకుండా, పదిసార్లు తెరిచి లోపల చూడగలగాలి. చూడలేకపోతే అది మీ పిస్టల్ కాదు. ఎంత మెరిసినా సరే, ఎవరు ఇప్పించినా సరే. ఇక మాట ఏ భాషలో వినపడినా, ఎంత పెద్దమనిషి నోట వచ్చినా, అది పిస్టల్‌ను ఖాళీ చెయ్యదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు, రిజిస్టరులో నేను రాసిన వరసలోనే: గోడ అవతల పెదిరెడ్ల సింహాద్రి. గోడ ఇవతల డాక్టర్ మరియం, ఖాజా మొయినుద్దీన్, అబూ ఖలీల్, గొర్లె అప్పలస్వామి అనే నేను.